గొల్లభామ చెప్పిన యజ్ఞము

కూచిపూడి భాగవతుల కలాపములలో భామాకలాపమునకు గలిగిన ప్రఖ్యాతి గొల్లకలాపమునకు గలుగలేదు. సత్యభామ జడను గూర్చి వినని ఆంధ్రుడు అరుదు. గొల్లభామ తర్కమును ఎఱిగినవారు మాత్రము నేడు మిక్కిలి కొలదిమంది. ఇట్లేల జరిగెనని యడిగినచో రసజ్ఞులు సులభముగనే సమాధానము చెప్పుదురు. మొదటిది శృంగారము, రెండవది వేదాంతము. రాత్రియెల్ల మేల్కొని వేదాంతము వినువారెవరని వారి యభిప్రాయము. మాకీ సమాధానము తృప్తి నీయలేదు. కృష్ణాతీర గ్రామములలో ఒకప్పుడు కాపులు, కూలివారు, పండితులు, స్త్రీలు పందిళ్ళయెదుట గూర్చుండి యీ వేదాంతమునే వినిరి. వారు వినినదేమి? శ్రుతిలోని కర్మకాండను ప్రతీకగా జేసి దాని లోనర్థమును వెదకు పద్ధతి మన దేశమున ప్రాచీనమైనది. ఆ పద్ధతి అరణ్యములలోని ఋషుల నుండి పల్లెలోని చల్లకుండ వఱకు ఎట్లు దిగివచ్చెనో, దిగివచ్చి యేమి చేసెనో, ఏమి చేయజాలకపోయెనో విచారించుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

గొల్లకలాపమును భాగవతుల రామయ్యగారు 19వ శతాబ్దమున రచించిరని ప్రసిద్ధి. కథ యనదగినది దానిలో నంతగా లేదు. గొల్లభామ చల్ల లమ్ముచు ప్రవేశించును. ఎదురుపడిన బ్రాహ్మణుడు ఆమెను పరిహసించును. మాటకు మాట పెరుగును. పెద్దకులమన నేమి, అది జన్మచే వచ్చునా, కర్మచే వచ్చునా యను ప్రశ్న పుట్టును. అంతట గొల్లభామ రెండు సంగతులను ఎత్తుకొనును. ఒకటి పిండోత్పత్తి క్రమము: తల్లి కడుపున శిశువు ఎట్లు యేర్పడునో, ఏ మాసమున నే యవయవము కలుగునో వివరించును. రెండవది యజ్ఞము: బయట చేయు క్రతువునకు లోపల నున్న తత్త్వమేమో తెలుపును. చదువుకొన్నవాడు వినుచుండ, చదువున కధికారము లేదని యెంచబడినది చెప్పుచుండును. హాస్యముతో మొదలైన సంవాదము క్రమముగ ఉపదేశమగును.

పిండోత్పత్తికిని యజ్ఞమునకును సంబంధమేమని చదువరులకు సందేహము కలుగవచ్చును. ప్రసూతివైద్యమునకు దగిన విషయ మొకటి, మీమాంసకు దగినది మఱియొకటి; రెండును ఒక పాత్ర నోట నేల పెట్టవలెను? కవి తనకు దెలిసినదెల్ల గ్రుమ్మరించెనని తలచుట కవకాశము కలదు. కాని గర్భోపనిషత్తును చూచినవారికి ఈ సందేహము నిలువదు. అధర్వణ వేదమునకు జేర్చి చెప్పబడు నా చిన్న యుపనిషత్తులో మొదటిభాగము గర్భస్థశిశువు యొక్క వృద్ధిక్రమమే. ఒక రాత్రికి కలలము, ఏడు రాత్రులకు బుద్బుదము, పక్షమునకు పిండము, రెండు మాసములకు శిరస్సు, ఈ విధముగ చెప్పుకొనిపోయి, తుదిభాగమున నా శరీరమునే యజ్ఞశాలగా చేయును. నోరు ఆహవనీయాగ్ని, ఉదరము గార్హపత్యము, హృదయము దక్షిణాగ్ని. ఆత్మ యజమానుడు, మనస్సు బ్రహ్మ, ధైర్యము దీక్ష, వెండ్రుకలు దర్భలు. మఱి బలిపశువు లేవి? లోభము మొదలగునవి. రామయ్యగారి గొల్లభామ ఏ క్రమమున మాటలాడునో ఈ యుపనిషత్తును ఆ క్రమముననే నడచుచున్నది. కావున కలాపములోని రెండు విషయములును ఒక్కటే వాదమునకు రెండు మెట్లని మా తలంపు. అందఱును ఒకే విధముగ పుట్టుదురు. అందఱి దేహములందును ఒకే యజ్ఞశాల కలదు. మొదటి మెట్టు నెక్కినవాడు రెండవది యెక్కక తప్పదు.

ఈ యుపనిషత్తులోని లెక్కలను గూర్చి యొక మాట చెప్పవలెను. దేహమున 107 మర్మస్థానములు, 180 సంధులు, 360 ఎముకలు కలవని అందు గలదు. శరీరశాస్త్రము వయసు వచ్చిన మానవునకు 206 ఎముకలని చెప్పుచున్నది. ఇటువంటి తావునకు వచ్చునప్పటికి మనవారిలో రెండు తెగలు బయలుదేఱుదురు. ఋషులకు ఏమియు దెలియదని యొక తెగ; ఇప్పటి శాస్త్రమే తప్పని, లేదా మెత్తని యెముకలను, దంతములను, గోళ్ళను గూడ కలిపి 360 చేయవచ్చునని మఱియొక తెగ. ఇరువురును ఆ సంఖ్య యెందుండి వచ్చెనో చూడరు. శతపథ బ్రాహ్మణమున అగ్నిచయనమును వర్ణించుచు, సంవత్సరమునకు దినములు 360, వేదికకు ఇటుకలు 360, పురుషునకు ఎముకలు 360 అని సామ్యము చెప్పబడినది. అనగా ఎముకలను ఒక్కొక్కటిగ ఏరి లెక్కించుటకంటె కాలమును, వేదికను, దేహమును ఒకదానిపై నొకటి యుంచి చూచుట వారి యుద్దేశము. ప్రతీకను పాఠ్యపుస్తకముగ చదివినవాడు ఋషికిని అన్యాయము చేయును, శాస్త్రమునకును అన్యాయము చేయును. వేదములలో విమానములు, విద్యుద్యంత్రములు వెదకు పాండిత్యము ఈ జాతిలోనిదే. దానికి లోచూపని పేరు పెట్టుట మాకు సమ్మతము గాదు.

అంతర్యజ్ఞ భావము ఆంధ్రదేశమున కెట్లు సన్నిహితమైనదో తెలిపెడి యొక చిన్న యాధారము కలదు. తైత్తిరీయారణ్యకమున పదవ ప్రపాఠకమైన నారాయణోపనిషత్తునకు దేశభేదమున పాఠభేదము లున్నవని సాయణాచార్యులు చెప్పియున్నారు. ద్రావిడ పాఠమున 64 అనువాకములు, ఆంధ్ర పాఠమున 80, కర్ణాట పాఠమున 74. ఆ యుపనిషత్తు తుదిని, జ్ఞానియైనవాని జీవితమే యజ్ఞమని, అతని యాత్మయే యజమానుడని, శ్రద్ధయే పత్నియని, శరీరమే సమిధయని చెప్పబడినది. అది మన వైదికులు నేటికిని నోటికి నేర్చు భాగము. కలాపమును వ్రాసిన భాగవతులు వైదికకుటుంబములతో నిత్యసంబంధము గల బ్రాహ్మణులు. ఇంట స్వరముతో వల్లించినదానిని వీథిలో దరువుగ పాడిరన్నమాట. స్వరమున కధికారులు కొందఱు, దరువున కందఱును.

అయితే శ్రుతి తానే యీ యర్థమును చెప్పినప్పుడు దానిని మనము కల్పించితిమనుట యెట్లు? ఇది ముఖ్యమైన ప్రశ్న. సంప్రదాయమున లోనర్థము చెప్పువారు రెండు విధముల వారు. గ్రంథమే తన్ను తాను లోనికి ద్రిప్పుకొన్నచోట దానిని వెంబడించువారు కొందఱు; గ్రంథములో చిక్కైన కథ యెదురైనప్పుడు సిగ్గుపడి దానికొక ముసుగు వేయువారు కొందఱు. బృహదారణ్యకము ఉషస్సే అశ్వమేధాశ్వము యొక్క శిరస్సని మొదలిడినది గాన, దానిని ప్రతీకగ చదువుట మన కల్పన గాదు. కాని యాస్కుని కాలమునకే ఇంద్రుడు చంపిన వృత్రుడెవడను వివాదము పుట్టినది. ఐతిహాసికులు అసురుడనిరి, నైరుక్తులు మేఘమనిరి. పిమ్మట కుమారిలభట్టు ఇంద్రాహల్యల కథకు సమాధానము చెప్పవలసివచ్చినప్పుడు ఇంద్రుడు సూర్యుడని, అహల్య పగటియందు లయమగు రాత్రియని నిర్వచించెను. గ్రీకుదేశమున క్రీస్తునకు పూర్వము 6వ శతాబ్దమున థియాజనీసు అనునాతడు హోమరు కావ్యములోని దేవతల కలహములను పంచభూతముల వైరుధ్యములని సమర్థించెనట. మన పండితులు హోమరు పేరు వినియుండరు. ఆతడు అహల్య పేరు వినియుండడు. ఇబ్బంది యొక్కటే యగుటచే ఉపాయమును ఒక్కటే యైనది.

ఇక మన డెల్టా చరిత్రను చూతము. బహిర్యజ్ఞము ఈ నేలపై సామాన్యముగ జరుగలేదు. కృష్ణాతీరమున విజయపురి నేలిన ఇక్ష్వాకురాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు 3వ శతాబ్దమున అగ్నిష్టోమ వాజపేయ అశ్వమేధములు చేసెనని శాసనములు చెప్పుచున్నవి. అతని సోదరి చాంతసిరియో, బౌద్ధ మహాచైత్యమును పోషించినది. తరువాత వేంగీదేశము నేలిన విష్ణుకుండినులలో మాధవవర్మ పదునొకండు అశ్వమేధములు చేసినవాడని ఆ వంశపు తామ్రశాసనములు కీర్తించుచున్నవి. పదునొకండు మార్లు అశ్వమేధమనిన, ఎంత ధనము, ఎంత నేయి, ఎన్ని పశువులు! రాజు తన ప్రభుత్వమును చాటుటకు యజ్ఞమునకు మించిన సాధనము ఆ కాలమున లేదు. అదే నదీతీరమున అమరావతి శిల్పులు అంతకు ముందే మఱియొక భాషను నేర్చియుండిరి. వారి తొలినాటి ఫలకములలో బుద్ధుని మానవరూపము కానరాదు. శూన్యమైన సింహాసనము, పాదముద్రలు, ధర్మచక్రము, రౌతు లేని గుఱ్ఱముపై బట్టిన ఛత్రము: ఇవియే ఆయన. కనబడని దానిని కనబడు వస్తువుచే సూచించుట ఈ ప్రాంతపు కంటికి కొత్తగాదు.

బెజవాడ ఇంద్రకీలముపై నుండిన యొక శిలాస్తంభము మా విషయమునకు మఱింత సన్నిహితమైనది. దానిపై కిరాతార్జునీయ కథ చెక్కబడియున్నది. సుమారు 9వ శతాబ్దపు లిపిలోనున్న శాసనమును బట్టి, దానిని నిలిపినవాడు కలియమబోయి కుమారుడైన త్రికోటిబోయి. ఇతడు రాజు గాడు, ఆచార్యుడు గాడు. తాను పూర్వము అర్జునునకు ఇంద్రకీలపు దారి చూపిన గుహ్యక యక్షుని యవతారమని అతడు చెప్పుకొనెను! వేంగీ శాసనములలో బోయలు పెక్కుచోట్ల దేవాలయముల పశువులను మేపి, అఖండదీపములకు నేయి కొలుచువారుగ కానవత్తురు. అట్టి బోయనామము గల యొకడు మహాభారతమున తనకు చోటు లేదని యూరకుండక, తానే దారి చూపినవాడనని ఱాతిపై వ్రాయించెను. శివుడు కిరాతుడై వచ్చిన కొండపై నిట్లు వ్రాయుట ఉచితముగనే యున్నది. పండితులు వేదమునకు అర్థము చెప్పుచుండగా ఇతడు ఇతిహాసమున తన యర్థమును చెప్పుకొనెను. వేయేండ్ల పిమ్మట గొల్లభామ చేసినదియు నించుమించుగ నిదియే.

అంతర్యజ్ఞమునకు ఛాందోగ్యోపనిషత్తున నున్న రూపమును ఇచ్చట విడువరాదు. అశ్వపతి కైకేయుడను క్షత్రియునొద్ద బ్రాహ్మణులు సమిత్పాణులై నేర్చుకొన్న విద్య యది. భోజనకాలమున మొదటి కబళములను ప్రాణాదులకు ఆహుతులుగ నిచ్చుట అగ్నిహోత్రమే యని, తన లోపలి వైశ్వానరుడే అందఱి లోపలను ఉన్నాడని ఆ విద్య యొక్క సారము. ఆకలిగొన్న బిడ్డలు తల్లి చుట్టు జేరినట్లు సర్వభూతములు ఆ యగ్నిహోత్రము చుట్టు జేరునని ఉపమ. అంతటితో నాగక, ఇట్లెఱిగినవాడు తన యుచ్ఛిష్టమును చండాలునకిచ్చినను అది వైశ్వానరాత్మయందు హోమము చేసినట్లే యగునని చెప్పబడినది. ఉచ్ఛిష్టము పెట్టుట మెచ్చదగినది గాదు. కాని చండాలుని కడుపులోని యగ్నియు నా యగ్నియే యను మాట మాత్రము ఆ కాలమునకు మిక్కిలి పెద్దది. మన యిండ్లలో ఈ ప్రాణాహుతులు తరతరములుగ సాగినవి. పరిషేచనము చేసి, అయిదు మెతుకులు లెక్కపెట్టి, వైశ్వానరునకు సమర్పించినవారే, ఇతరకులములవాని దృష్టి విస్తరిపై బడకుండ తలుపు మూసికొనిరి. సర్వుల జఠరమును ఏకముచేయు మంత్రము మూసిన తలుపు వెనుక పలుకబడినది! లోనర్థము నోటికి వచ్చుటకును చేతికి వచ్చుటకును నడుమ నెంత దూరము కలదో చూపుటకు ఇంతకంటె వేఱు నిదర్శనము అక్కఱలేదు.

భామాకలాపమునకు రావలసియున్నది. సిద్ధేంద్రయోగి రచనగ ప్రసిద్ధమైన దానిలో సత్యభామ జీవాత్మయని, కృష్ణుడు పరమాత్మయని, మాధవి వారిని గలుపు గురుస్థానీయయని పెద్దలు చెప్పుదురు. తెరపై వ్రేలాడదీసిన జడలోని సూర్యచంద్రవంకలను, నాగరమును జూపి అది జగత్తునకు ప్రతిరూపమని వ్యాఖ్యానింతురు. పొరుగుననే యున్న మొవ్వ గోపాలుని ముద్రతో పదములు చెప్పిన క్షేత్రయ్యకును ఈ విధముననే మధురభక్తి పరముగ అర్థము చెప్పబడినది. ఇది కల్పనయని మేము త్రోసివేయము. అహంకారము గల భక్తుడు విరహమున కరగుట యను భావము ఆ కలాపమున నిజముగనే కలదు. మా యాక్షేపణ వేఱు. కృష్ణా గోదావరీ తీరములందు భామాకలాపమును, గొల్లకలాపమును కలావంతుల స్త్రీలును ఆడుచుండిరి. వారి నోటనున్నంతకాలము పదము భోగమని నిందింపబడెను. 1947లో మద్రాసు రాష్ట్రమున దేవదాసీ సమర్పణ నిషేధ శాసనము వచ్చినది. బాలికలను ఆ వృత్తికి కట్టివేయు నాచారము పోవుట మేలే. కాని అటుపిమ్మట పాట మిగిలినది, పాడినవారు మఱుగుపడిరి. అదే పదము ఇతరుల రంగస్థలమునకు వచ్చినంతనే జీవాత్మ పరమాత్మల సంయోగమైనది. ఒక స్త్రీ పాడినప్పుడు లేని పరమాత్మ మఱియొకరు పాడినప్పుడు ఎక్కడనుండి వచ్చెను? ఇచ్చట ప్రతీకార్థము తలుపు తీయలేదు; గోడ కట్టినది.

ఈ గోడను జూచియే కాబోలు, ఈ జిల్లా అంగలూరున 1887లో జన్మించిన త్రిపురనేని రామస్వామిచౌదరిగారు లోనర్థముల జోలికి పోక పురాణములను ఉన్నవియున్నట్లు న్యాయస్థానమున నిలువబెట్టిరి. వారి శంబూకవధ, సూతపురాణము తెలుగుదేశమున నెంత కలవరము పుట్టించెనో పెద్దలెఱుగుదురు. తపస్సు చేసిన శూద్రుని రాజు చంపెనన్న కథకు శంబూకుడనగా తమోగుణమని, ఖడ్గమనగా జ్ఞానమని చెప్పవచ్చును. చెప్పుట కెంతసేపు? ఆ కథను చూపి తరతరములుగ నెవరిని చదువునకు దూరము చేసిరో వారి కా వ్యాఖ్యానము వలన నొరగునదేమి? ఈ విషయమున మేము చౌదరిగారి పక్షమున నున్నాము. అంతమాత్రమున ప్రతీకార్థమే మోసమన్నచో దానిని అంగీకరింపజాలము. 1921లో బెజవాడ కాంగ్రెసు సభలకు వచ్చిన గాంధీమహాత్ముడు కురుక్షేత్రము మానవహృదయమున నున్నదని గీతకు భాష్యము చెప్పినవాడు. ఆ భాష్యము గీతాకారుని హృదయమా కాదా యని పండితులు వాదింపవచ్చును. తిలకుగారు అట్లు చదువలేదు. కాని గాంధీగారి భాష్యము చెప్పినవానిచేతనే త్యాగము చేయించినది. కుమారిలుని యహల్యావ్యాఖ్యానము ఎవరిని ఏమియు త్యాగము చేయుమని యడుగలేదు.

ఈ దృష్టితో జూచినప్పుడు గొల్లకలాపము యొక్క విలువ తెలియును. అందలి యంతర్యజ్ఞము బ్రాహ్మణుని యెదుట నిలిచి, నీ పశువు నీ గర్వమే యని చెప్పుచున్నది. అర్థము చెప్పించిన కవియు బ్రాహ్మణుడే, వేషము గట్టిన నటుడును బ్రాహ్మణుడే. తమ కులపు పెద్దరికమును తామే గొల్లదాని నోట విచారణకు బెట్టుట సామాన్యమైన సంగతి గాదు. దీని కొక కొఱతయు గలదు, దానిని దాచుట న్యాయము గాదు. గొల్లభామ వేషమున పురుషుడు వేదాంతము చెప్పుచుండ, ఆ భాగవతుల యిండ్ల స్త్రీలకు రంగస్థలము నిషిద్ధమై యుండెను. గొల్లవాడకు పందిరిలో కూర్చుండ చోటు దొరకెను; వేదపాఠశాలలో దొరకలేదు. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు స్త్రీలకు నేర్పుటకు పూనుకొనుట, వెంపటి చినసత్యముగారు 1963లో మద్రాసున అకాడమీ స్థాపించి బాలికల నెందఱినో తీర్చిదిద్దుట మొదలగు వానిచే నేడు కూచిపూడి నాట్యమన స్త్రీలే కన్నులకు గట్టుదురు.

ఆ మార్పు వచ్చినది కాని గొల్లభామ తర్కము వెంట రాలేదు. రాత్రుల తరబడి సాగిన కలాపము గంటలోనికి గుదింపబడినప్పుడు మొదట జారిపోవునది సంవాదము. చల్లకుండతోడి ప్రవేశదరువును, నడకలోని యొయ్యారమును చూచి జనులు చప్పట్లు కొట్టుదురు; యజ్ఞశాల దేహమన్న మాట వచ్చువేళకు తెర పడును. కూచిపూడిలో సిద్ధేంద్రయోగి కళాపీఠ మున్నది; విజయవాడలో అచ్చుయంత్రములకు కొఱత లేదు. కలాపమును పూర్తిగ, దరువులతోను సంవాదముతోను, గర్భోపనిషత్తు మూలమును తేటతెలుగు తాత్పర్యముతో ఎదుటిపుటలో నుంచి ప్రకటించుట పండితులకు కష్టమైన పని గాదు. దివి, గుడివాడ ప్రాంతముల పాఠశాలలలో పై తరగతుల పిల్లలు దానిని వార్షికోత్సవమునకు ఆడవచ్చును. గొల్లభామ వేషము ఏ యింటి పిల్లకైనను ఈయవచ్చును. బ్రాహ్మణుని వేషమును అట్లే.